స్లాబు పోసే ముందు అల్లుడికో ఉత్తరం

జగిత్యాల,
ఏప్రిల్ నెల.



కోరుట్ల నుంచి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. స్లాబుకు రెండు వరుసల ఇటుక కింద, గోడ పొడవునా అడ్డంగా నడిచిన పగులు. మూలలకు పోయేకొద్దీ వెడల్పు ఎక్కువైంది. ఇంటాయన మస్కట్ నుంచి వీడియో కాల్‌లో అది చూసి, సుతారి సిమెంటు మింగాడని గొడవ చేస్తున్నాడని రాశావు. పాపం ఆ సుతారిని దొంగను చేయకండి. ఆ పగులుకు సిమెంటు తక్కువ కావడం కారణం కాదు. ఇంకో నాలుగు బస్తాలు వేసినా అది వచ్చేదే.

స్లాబు పొడవు 12 మీటర్లన్నావు కదా, లెక్క వేసి చూడు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే మీటరు కాంక్రీటు మిల్లీమీటరులో సుమారు నూరో వంతు సాగుతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గాలిలోనే 45 డిగ్రీల దాకా ఉంటుంది. ఎండకు మాడే స్లాబు పైముఖం 60 డిగ్రీల దాకా పోవడం వింతేమీ కాదు. తెల్లవారేసరికి అదే స్లాబు 30కి దిగుతుంది. తేడా 30 డిగ్రీలు, పొడవు 12 మీటర్లు. అంటే 3.6 మిల్లీమీటర్లు. కింద గోడ నీడలో ఉంటుంది, అంత వేడెక్కదు. పైగా బట్టి ఇటుక వేడికి సాగేది కాంక్రీటులో సగమే. స్లాబు జరుగుతానంటుంది, గోడ రానంటుంది, రెంటినీ కలిపి అతికించింది మనం. కదలిక నడుమ దాదాపు ఉండదు, చివరల్లోనే ఎక్కువ. అందుకే నీ ఫొటోలో మూలలు ఎక్కువ విచ్చుకున్నాయి.

గోడల మీద నేరుగా స్లాబు వేసే ఇళ్ళకు దీని మందు పాతదే. గోడ తల మీద సిమెంటు పూత నున్నగా పట్టించి, అది ఆరాక తారు కాగితమో మందపాటి పాలిథినో రెండు పొరలు పరిచి, ఆ మీద స్లాబు పోయాలి. స్లాబు గోడ మీద జారుతుంది, గోడను లాగదు. లోపల గిలాబు చేసేటప్పుడు సీలింగు, గోడ కలిసే చోట సన్నటి గాడి ఒకటి వదలాలి. ఎప్పుడైనా గీత పడినా ఆ గాడిలోనే పడుతుంది, ఎవరి కంటికీ ఆనదు. స్లాబు ఖర్చులో ఇది లెక్కకే రాదు. అయినా ఎవరూ చెయ్యరు, ఎందుకంటే ఇల్లు అప్పజెప్పే రోజుకు పగులు ఉండదు. అది రావడానికి ఒక ఎండాకాలం దాటాలి. అప్పటికి మేస్త్రీ ఇంకో ఊళ్ళో ఉంటాడు.

ఇప్పుడు వచ్చిన పగులు సంగతి. వెంటనే సిమెంటు పెట్టి మూయకు. ఎండాకాలంలో మూస్తే చలికాలంలో పక్కన ఇంకో గీత లేస్తుంది. ముందు స్లాబు వేడి తగ్గించు. పైన తెల్లటి కూల్ రూఫ్ రంగు వేయించు. ఇళ్ళు చల్లబడాలని రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. కరెంటు బిల్లు సంగతి అటుంచు, స్లాబు కదలిక కూడా దానితో తగ్గుతుంది. పగులు మీద అడ్డంగా చిన్న గాజు పలక అతికించి, తేదీ రాసి ఉంచు. కొన్ని నెలలు చూడు. గాజు పగిలిందంటే ఇంకా కదులుతున్నట్టే. కదలిక నెమ్మదించాక పగులును వి ఆకారంలో చెక్కి, సాగే గుణమున్న సీలెంటుతో నింపి రంగు వేయించు. మస్కట్ ఆయనకు ఈ లెక్క కాగితం మీద రాసి పంపు. ఆయన అక్కడ కట్టడాల్లో పనిచేసిన మనిషే అయితే ఇట్టే అర్థం చేసుకుంటాడు.

"కోరుట్ల స్టేషనులో పట్టాలకు ఇప్పుడు సందులే లేవు కదా మామా, ఇనుముకు లేని జాయింటు కాంక్రీటుకు ఎందుకు?" అని అడిగావు. మంచి ప్రశ్న, కాలేజీలో అడగాల్సింది. పెద్దపల్లి, నిజామాబాద్ లైను కొత్తది. పొడవాటి పట్టాలను వెల్డింగు చేసి పరిచారు. ఆ పట్టా వేడికి సాగాలనే చూస్తుంది, కానీ కింద స్లీపర్లు, వాటి చుట్టూ కంకర దాన్ని బిగించి పట్టుకుంటాయి. సాగలేని బలమంతా పట్టాలోనే ఒత్తిడిగా నిలుస్తుంది. చలికి కుదించుకోవాలని చూస్తే లాగుడుగా మారుతుంది. ఉక్కు ఒత్తిడికీ లాగుడుకీ సమానంగా ఓర్చుకుంటుంది కాబట్టి ఆ పద్ధతి నడుస్తుంది. అక్కడ కూడా పొడవాటి ముక్క చివరల్లో కదలడానికి ప్రత్యేకమైన జాయింటు పెడతారు. కాంక్రీటు అలా కాదు. ఒత్తితే ఎంత మోస్తుందో, లాగితే అందులో పదో వంతు మాత్రమే మోస్తుంది.

ఆ లాగుడు వేడి వల్ల ఒక్కటే రాదు. పోసిన నీళ్ళలో సిమెంటుకు అక్కరకు రాని భాగం నెలల తరబడి ఆరిపోతూ ఉంటుంది. కాంక్రీటు ముడుచుకుంటుంది. డిజైను లెక్కకు కాంక్రీటు కోడు ఐఎస్ 456 ఈ ముడుచుకోవడాన్ని మీటరుకు 0.3 మిల్లీమీటర్లుగా తీసుకోమంటుంది. మామూలు కాంక్రీటు పగలకుండా సాగగలిగేది మీటరుకు సుమారు 0.1 మాత్రమే. ముడుచుకోవాల్సింది 0.3, ఓర్చుకోగలిగేది 0.1. రెండు చివరలా కట్టేస్తే ఇక పగలక ఏమవుతుంది? చెరువు ఎండితే ఒండ్రు నెర్రెలు బాసినట్టే ఇదీ. కాబట్టి నీ చేతిలో ఉన్నది ఒకటే, ఆ తెగేది ఎక్కడో ముందే గీత గీసి పెట్టడం. నువ్వు గీయకపోతే కాంక్రీటు తనకు తోచిన చోట గీస్తుంది. అది సాధారణంగా దర్వాజ మూల నుంచో, కిటికీ మూల నుంచో ఏటవాలుగా మొదలవుతుంది.

మన జగిత్యాల ఖిల్లా చూసే ఉంటావు. ఫ్రెంచి ఇంజినీర్ల చేతుల మీద 18వ శతాబ్దంలో లేచిన నక్షత్రాకారపు కోట. అంత పొడవు గోడల్లో ఒక్క జాయింటూ కనిపించదు. దాన్ని చూపించి "పాతవాళ్ళు ఏ జాయింట్లు పెట్టారు?" అని ఎగతాళి చేసే పెద్దలు నీకు తగులుతారు. వాళ్ళు పెట్టింది డంగు సున్నం. సున్నం మెత్తగా ఉంటుంది, గట్టిపడడానికి ఏళ్ళు పడుతుంది. కదలికను వెయ్యి వెంట్రుకవాసి గీతలుగా పంచుకుని, వానకు కరిగిన సున్నంతో ఆ గీతల్ని తానే కొంత పూడ్చుకుంటుంది. గోడ మందం వల్ల లోపలి వేడి కూడా నెమ్మదిగా మారుతుంది. మనం సన్న గోడ కట్టి సిమెంటు పెడుతున్నాం. సిమెంటు గట్టిది, పంచుకోదు. అంతా ఒక్కచోట తెగుతుంది. అందుకే గోడ మాలు 1:6 కంటే ఘాటుగా కలపనివ్వకు. 'ఇంకో తట్ట సిమెంటు వెయ్యండి' అని ఇంటివాళ్ళు నిలబడి వేయిస్తారు చూడు, అది గోడకు మేలు చేసినట్టు కాదు. 1:3 గిలాబు నెలరోజుల్లో సాలెగూడులా గీతలు పడుతుంది.

ఇటుకల సంగతి కూడా ఇందులోనే రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇంజినీర్లకు కూడా ఇది తెలియదు. బట్టి నుంచి వేడివేడిగా దిగిన ఇటుక గాలిలో తేమ పీల్చి కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదల మొదటి వారాల్లో ఎక్కువ. ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ (ఇప్పటి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్) 1984లో పగుళ్ళ మీద ఒక పుస్తకమే వేసింది, ఎస్‌పీ 25 అని. వెతికి చదువు, నీ డిగ్రీ పుస్తకాలన్నిటికంటే పనికొస్తుంది. బట్టి ఇటుకను దింపగానే వాడకుండా రెండు వారాలైనా ఆరుబయట ఉండనివ్వు. రామగుండం బూడిదతో చేసిన ఇటుక, సిమెంటు ఇటుక సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అవి పెరగవు, ఆరేకొద్దీ ముడుచుకుంటాయి. వాటిని ఫ్యాక్టరీలో బాగా నీళ్ళు కొట్టించి, ఆ తర్వాత నెలరోజులు ఆరనిచ్చి తేవాలి. బట్టి ఇటుకలాగా తొట్లో నానబెట్టి కట్టకూడదు. పైన కాస్త తడి చల్లితే చాలు. ఒకే గోడలో కింద బట్టి ఇటుక, పైన బూడిద ఇటుక కట్టేవాళ్ళను చూశాను. ఒకటి సాగుతుంటే ఇంకొకటి ముడుచుకుంటుంది. ఆ గోడ మధ్యలో గీత పడకపోతేనే ఆశ్చర్యం.

పిల్లర్ల ఇళ్ళలో పగుళ్ళు రెండు చోట్ల వస్తాయి: పిల్లరు పక్కన నిలువుగా, బీము కింద అడ్డంగా. గోడ బీము దాకా వచ్చాక పై వరుసను అదే రోజు బిగించనివ్వకు. అంగుళం సందు వదిలి, గోడ కుదురుకున్నాక వారం పది రోజులకు బిగించాలి. పై అంతస్తుల బరువు పడ్డాక బిగిస్తే ఇంకా మంచిది. పిల్లరు, ఇటుక కలిసే గీత మీద గిలాబుకు ముందు కోడి జాలీ కొట్టించు, అటు ఇటు కలిపి అడుగు వెడల్పు. పొడవైన గోడైతే జాలీని నమ్ముకోకు. అక్కడ గిలాబులో నిలువు గాడి వదిలి, దాన్ని డిజైనులాగే చూపించు. ఇంటివాళ్ళు ఒప్పుకుంటారు.

పిట్టగోడ గురించి ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ దెబ్బ తినేది అదే. మూడు వైపులా ఎండ, కింద మాత్రం స్లాబు పట్టు. 30 అడుగుల పిట్టగోడ మూలను బయటికి తోయడం కోరుట్ల, మెట్‌పల్లి మేడల మీద ఎన్నైనా చూడొచ్చు. నాలుగైదు మీటర్లకోసారి అడుగు నుంచి తల దాకా సందు వదులు. ప్రహరీ గోడకైతే ఐదారు మీటర్లకోసారి జంట పిల్లర్లు వేసి నడుమ సందు పెట్టు. నల్లరేగడి నేలలో ప్రహరీ గోడ పగిలితే మాత్రం జాయింట్ల మీద నేరం వేయకు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు దిగి, గోడను కింది నుంచే ఎత్తేస్తుంది. దానికి వైద్యం పునాదిలో ఉంది.

ఇక అసలు ఎక్స్‌పాన్షన్ జాయింటు. నీ కాలేజీలో ఇదొక్కటే చెప్పి ఉంటారు: 45 మీటర్లు దాటితే పెట్టాలని. ఐఎస్ 456లో ఆ మాట ఉంది నిజమే. అయితే మన ఊళ్ళల్లో నువ్వు కట్టే ఇళ్ళలో ఎన్ని 45 మీటర్లు దాటుతాయి? అందుకే పైన అంతసేపు చిన్న చిన్న సందుల గురించి చెప్పాను. సిరిసిల్లలో నువ్వు కట్టబోయే సాంచాల (మరమగ్గాల) షెడ్డు మాత్రం 54 మీటర్లు, పక్కన రెండంతస్తుల ఆఫీసు గది కూడా ఉంది. అక్కడ ఇది తప్పదు. షెడ్డు మధ్యలో ఒకటి, ఆఫీసు గది షెడ్డును తాకే చోట ఇంకొకటి. రెండు పక్కలా వేర్వేరు పిల్లర్లు పెట్టు. పునాది ఒకటే అయినా పరవాలేదు. కానీ ఆఫీసు గది బరువుకు అటు వైపు దిగే ప్రమాదం ఉంటే పునాదినీ విడగొట్టు. సలాక ఒక్కటి కూడా ఆ సందు దాటి పోకూడదు. సెంట్రింగు వాడు 'ఊగుతుంది సార్' అని రెండు సలాకలు దాటిస్తాడు. స్లాబు పోసే రోజు పొద్దున నువ్వే వంగి చూడాలి. ఇంకో సంగతి, సందు స్లాబు దగ్గరే ఆగకూడదు. బీము, గోడ, గిలాబు, పిట్టగోడ, కింద టైలు, అన్నిటి గుండా ఒకే గీతలో పోవాలి. కాంక్రీటులో సందు పెట్టి దాని మీద గిలాబు కొట్టేసిన భవనాలు చూశాను. గిలాబు ఆ గీత వెంట పగిలి, వంకరటింకరగా వేలాడుతుంది.

ఆ సందులో తారు నానిన ఫైబరు బోర్డు పెట్టాలి. థర్మాకోల్ పెడతారు, పోసేటప్పుడు నిలుస్తుంది కానీ తర్వాత తీసేయాలి. తీయడం ఎవరికీ గుర్తుండదు. కంకర ముక్క ఒక్కటి అందులో ఇరుక్కుందా, జాయింటు ఉన్నా లేనట్టే, ఆ ముక్క దగ్గరే కాంక్రీటు పెచ్చు ఊడుతుంది. పైన ఫోము తాడు దూర్చి, దాని మీద పాలీసల్ఫైడ్ సీలెంటు పెట్టు. లోతు వెడల్పులో సగం ఉండాలి. సీలెంటు రెండు పక్కలకే అంటుకోవాలి, అడుగుకు కాదు. అడుగుకు కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. ఫోము తాడు పెట్టేది అందుకే. పైకప్పు స్లాబు మీద సందుకు ఇరుపక్కలా ఆరంగుళాల కట్ట కట్టి పైన మూత వెయ్యి. వాన నీళ్ళు సందు మీద నిలిచే అవకాశమే ఇవ్వకు.

సాంచాల షెడ్డు నేల గురించి కాస్త ఎక్కువే రాయాలి. రాత్రింబవళ్ళు ఆగకుండా కొట్టుకునే యంత్రాలు అవి. సాంచా పునాదినీ, చుట్టూ ఉన్న నేలనూ కలిపి పోస్తే ఆ అదురు అంతా నేలకు ఎక్కుతుంది. పునాది చుట్టూ, ప్రతి పిల్లరు చుట్టూ ఫైబరు బోర్డు పెట్టి నేలను వేరు చెయ్యి. పిల్లరు చుట్టూ నలుచదరంగా వదిలితే, ఆ చదరపు మూలలు నేల గీతల వైపు తిరిగి ఉండాలి. లేదంటే ఆ మూలల నుంచే కొత్త గీతలు పుడతాయి. మిగతా నేలను మూడు నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టు. చదరం పొడవు వెడల్పులో ఒకటిన్నర రెట్లకు మించనివ్వకు. ఆసామి 'గీతలు ఎందుకు, నున్నగా ఉండాలి' అంటాడు. నీకు గీతలు ఇష్టమా, పగుళ్ళు ఇష్టమా అని అడుగు.

గీత కోసే టైము తప్పితే అంతా వృథా. కటింగు మిషనును మరుసటి రోజుకు పిలవకు. మన ఎండల్లో పొద్దున పోసిన నేల సాయంత్రానికే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. కంకర ఊడకుండా కోయగలిగినంత గట్టిపడగానే కోయాలి. సాధారణంగా నాలుగు గంటల నుంచి పన్నెండు గంటల లోపు. లోతు మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 150 మిల్లీమీటర్ల నేలకు 40 నుంచి 50. పైపైన 10 మిల్లీమీటర్లు గీరి బిల్లు పెట్టేవాళ్ళున్నారు, ఆ గీత అందానికి తప్ప దేనికీ పనికిరాదు. ఊళ్ళల్లో సీసీ రోడ్లు చూడు, అక్కడా అదే కథ. రోడ్డు పోసిన మూడో రోజు గీతలు కోస్తారు, అప్పటికే అడ్డంగా పగిలి ఉంటుంది. కోసిన గీతకు మూరెడు దూరంలో అసలు పగులు! కాకతీయ కాలువ లైనింగు మీద అడ్డ గీతలున్న చోట ఒకసారి ఆగి చూడు. ముక్కలు ముక్కలుగా పరవడం ఎందుకో అక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

గాలిలో 40 డిగ్రీలు దాటితే కాంక్రీటుకు వేరే జాగ్రత్తలు కావాలని ఐఎస్ 7861 చెబుతుంది. కాబట్టి మే నెలలో పోయాల్సి వస్తే సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టు. కంకర మీద ముందే నీళ్ళు కొట్టించు. పోసిన గంటలోపే తడి గోనె సంచులు కప్పించు. ఎన్ని గీతలు కోసినా నీళ్ళు పట్టని కాంక్రీటును ఎవరూ కాపాడలేరు. పని మధ్యలో మిక్సరు ఆగితే ఎక్కడ ఆపాలో ముందే అనుకుని ఉండు. స్లాబు స్పానులో నడిమి మూడో వంతులో, బల్ల అడ్డం పెట్టి నిలువుగా ఆపు. మరుసటి రోజు ఆ ముఖం చెక్కి, కడిగి, సిమెంటు పాలు పూసి అప్పుడు కలుపు.

టైళ్ళ మాట ఒక్కటి. ఎండాకాలం మధ్యాహ్నం హాల్లో టైళ్ళు చప్పుడుతో లేచాయని జనం భయపడి ఫోన్లు చేస్తారు. దెయ్యమూ లేదు, భూకంపమూ లేదు. సందు లేకుండా గోడ నుంచి గోడ దాకా ఒరుసుకునేలా పరిచిన టైళ్ళు చోటు చాలక లేస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించు, స్కర్టింగు కింద గోడ దగ్గర కొంచెం ఖాళీ వదులు. 'సందు కనిపించొద్దు' అని అడిగే ఇంటావిడతో వాదించకు, గ్రౌటు రంగు టైలు రంగులో కలిసేట్టు చూపించు.

చివరగా మనుషుల గురించి. నీ దగ్గర పనిచేసే సెంట్రింగు వాళ్ళలో, సుతారుల్లో సగం మంది దుబాయి, మస్కట్, ఖతార్ వెళ్ళొచ్చినవాళ్ళే ఉంటారు. ఆ ఎండల్లో పాలీసల్ఫైడ్ పెట్టినవాళ్ళు, కటింగు మిషను పట్టినవాళ్ళు వాళ్ళు. ఇక్కడికి వచ్చాక వాళ్ళను ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. అడుగు. నువ్వు డిగ్రీ చదివినవాడివని వాళ్ళు నీ ముందు నోరు విప్పరు, చాయ్ తాగేటప్పుడు నువ్వే మొదలుపెట్టాలి. అక్కడి ఫోర్‌మన్లు ఏ జాయింటుకు ఎందుకు తిట్టేవాళ్ళో చెబుతారు.

కొటేషనులో జాయింట్లకు వేరే లైను రాయి, మొత్తంలో కలిపేయకు. కలిపితే బేరంలో మొదట ఎగిరేది అదే. సీలెంటు శాశ్వతం కాదు, ఎండకు గట్టిపడి చీలుతుంది, కొన్నేళ్ళకు మార్చాలి అని కూడా రాసి సంతకం తీసుకో. ఆసామి ఎంత తగ్గించమన్నా బోర్డు, సీలెంటు, కోత, ఈ మూడింట్లో తగ్గించకు. కావాలంటే ముందు గేటు డిజైను తగ్గించు.

మీ అమ్మకు కీళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయలేదు. షెడ్డు ప్లాను మీద జాయింట్ల గీతలన్నీ ఎర్ర పెన్నుతో గీసి, పిల్లర్లకు నంబర్లు వేసి, సలాక కట్టడం మొదలుపెట్టకముందే నాకు పంపు. అది చూసి నేను సరే అనేదాకా మిక్సరు తెప్పించకు.

ఇట్లు,
నీ మామ